ఏడు శాతం ఎక్కడ, ఆరు శాతం ఎవరిలో: హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారిలో వైరల్ హెపటైటిస్

సభకు నమస్కారం.

ఈ ప్రసంగానికి పిలిచినప్పుడు నిర్వాహకులు నాకిచ్చిన ప్రశ్న ఒక్క వాక్యమే: హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారిలో వైరల్ హెపటైటిస్ ఎంతమందికి ఉంటుంది? జవాబు కూడా ఒక్క వాక్యంలో చెప్పి కూర్చోవచ్చు. ప్రపంచం మొత్తం మీద హెచ్‌ఐవీ ఉన్నవారిలో 7 శాతం పైచిలుకు మందికి హెపటైటిస్ బి ఉంది, సుమారు 6 శాతం మంది రక్తంలో హెపటైటిస్ సి సోకిన ఆనవాలు కనిపిస్తుంది. మనుషుల లెక్కన చూస్తే మొదటివారు దాదాపు 27 లక్షల మంది, రెండోవారు దాదాపు 23 లక్షల మంది. అయితే ఈ రెండు అంకెలనూ కంఠస్థం చేసి ఇంటికి వెళ్తే మీకు తెలిసేది తక్కువ, పొరబడే అవకాశం ఎక్కువ. అందుకే ఇవాళ ఆ అంకెలను విప్పి, లోపల ఏముందో చూద్దామని అనుకుంటున్నాను.

ముందుగా ఒక మాట. హెపటైటిస్ అంటే కాలేయపు వాపు. దాన్ని కలిగించే ప్రధాన వైరస్‌లకు ఎ, బి, సి, డి, ఇ అని పేర్లు. వీటిలో ఎ, ఇ సాధారణంగా కలుషితమైన నీటి ద్వారా, ఆహారం ద్వారా వస్తాయి, కామెర్లు తెప్పిస్తాయి, చాలామందిలో కొన్ని వారాలకు వాటంతట అవే తగ్గిపోతాయి. రోగనిరోధక శక్తి బాగా పడిపోయిన కొద్దిమందిలో హెపటైటిస్ ఇ కూడా తిష్ఠ వేసుకోవచ్చు కానీ అది అరుదు. హెపటైటిస్ డి ఒంటరిగా బతకలేని వైరస్. అది బి వైరస్ పైపొరను అరువు తెచ్చుకుంటేనే వ్యాపించగలదు. మనకు అసలు చిక్కంతా బి, సి లతోనే. కామెర్ల జాడ కూడా లేకుండా ఇరవై, ముప్ఫై ఏళ్లు కాలేయంలో కూర్చొని, దాన్ని గట్టిపరచి, సిర్రోసిస్‌కో కాన్సర్‌కో దారితీసేవి ఇవే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022లో హెపటైటిస్ బితో 25.4 కోట్ల మంది, సితో 5 కోట్ల మంది జీవిస్తున్నారు; ఆ ఒక్క ఏడాదే వైరల్ హెపటైటిస్ వల్ల 13 లక్షల మంది చనిపోయారు. అదే ఏడాది హెచ్‌ఐవీ సంబంధిత మరణాలు 6.3 లక్షలు. అంటే అందరూ భయపడే వైరస్ కంటే, ఎవరూ పెద్దగా పట్టించుకోని ఈ వైరస్‌లు రెట్టింపు మందిని తీసుకుపోయాయి.

హెచ్‌ఐవీ, బి, సి మూడూ రక్తం ద్వారా, లైంగిక సంపర్కం ద్వారా, తల్లి నుంచి బిడ్డకు వస్తాయి కాబట్టి ఒకటి ఉన్నవారిలో మిగతావి ఉండడం సహజమని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. మాట నిజమే కానీ, అది మూడు వేర్వేరు వైరస్‌లను ఒకే గాటన కట్టేస్తుంది. రక్తం అంటిన సూది ఆరోగ్య సిబ్బందికి పొరపాటున గుచ్చుకున్న సందర్భాలను తీసుకోండి. ఆ రక్తంలో హెచ్‌ఐవీ ఉంటే సోకే అవకాశం 0.3 శాతం, హెపటైటిస్ సి అయితే 2 శాతం లోపు, హెపటైటిస్ బి అయితే, టీకా వేయించుకోని వ్యక్తికి, 30 శాతం దాకా ఉండవచ్చు. బి వైరస్ శరీరం బయట ఎండిన రక్తపు మరకలో కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది. సి వైరస్ ప్రయోగశాలలో కొన్ని రకాల సిరంజిల లోపల మిగిలిపోయిన రక్తంలో 63 రోజుల వరకు సజీవంగా కనిపించింది. లైంగిక సంపర్కం దగ్గరికి వచ్చేసరికి వరుస మారిపోతుంది: బి సులువుగా సోకుతుంది, స్త్రీ పురుషుల మధ్య సి సోకడం చాలా అరుదు. దారులు మూడింటికీ ఒకటే అయినా ఏ దారిలో ఏది ఎంత వేగంగా నడుస్తుందన్నది వేరు. అంకెలు అర్థం కావాలంటే ఈ తేడాను పట్టుకోవాలి.

ఇప్పుడు మీరు గుర్తుంచుకోదగిన రెండు సంఖ్యలు చెబుతాను. హెచ్‌ఐవీ లేనివారితో పోలిస్తే హెచ్‌ఐవీ ఉన్నవారిలో హెపటైటిస్ సి ఉండే సంభావ్యత సుమారు ఆరు రెట్లు. హెపటైటిస్ బి విషయంలో అదే పోలిక చేస్తే వచ్చేది 1.4 రెట్లు మాత్రమే. ఒకటి ఆరు రెట్లు, ఇంకొకటి ఒకటిన్నర రెట్ల లోపు. రెండూ రక్తంతో వచ్చేవే అయినప్పుడు ఇంత వ్యత్యాసం ఎందుకు? నా దృష్టిలో ఈ ప్రసంగానికంతటికీ కీలకం ఈ ప్రశ్నే.

హెపటైటిస్ బితో మొదలుపెడదాం. ఈ వైరస్ ఏ వయసులో సోకిందన్న దాన్ని బట్టి మనిషి జీవితం మారిపోతుంది. పుట్టినప్పుడు తల్లి నుంచి సోకితే 90 శాతం మంది శిశువుల్లో అది శాశ్వతంగా ఉండిపోతుంది. ఆరోగ్యవంతుడైన పెద్దవాడికి సోకితే 95 శాతం సందర్భాల్లో శరీరమే దాన్ని తరిమేస్తుంది. అందువల్ల ప్రపంచంలో దీర్ఘకాలిక బి ఉన్నవారిలో అత్యధికులు దాన్ని పుట్టుకతోనో, ఐదేళ్ల లోపు తోటి పిల్లల నుంచో, ఇంట్లోవాళ్ల నుంచో తెచ్చుకున్నవారే. సహారాకు దిగువనున్న ఆఫ్రికాలో బి వైరస్ బాల్యంలోనే చేరిపోతుంది. హెచ్‌ఐవీ పాతికేళ్లకో ముప్ఫై ఏళ్లకో వస్తుంది. అక్కడ రెండూ కలిసి రావడం కాదు జరుగుతున్నది, ఒకటి ముందే ఉన్న ఇంట్లోకి రెండోది అడుగుపెడుతోంది. ప్రపంచంలోని 27 లక్షల హెచ్‌ఐవీ, బి జంట ఇన్ఫెక్షన్లలో 19 లక్షలు, అంటే 69 శాతం, ఆ ప్రాంతంలోనివే. హెచ్‌ఐవీ ఉన్నా లేకున్నా ఆ సమాజంలో బి ఎంత ఉందో అంతే కనిపిస్తుంది కాబట్టి పోలిక 1.4 దగ్గరే ఆగిపోతుంది. పశ్చిమ యూరప్‌లోనో ఉత్తర అమెరికాలోనో చూస్తే కథ వేరు. అక్కడ సాధారణ జనంలో బి చాలా తక్కువ. హెచ్‌ఐవీ ఉన్నవారిలో మాత్రం గణనీయంగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ రెండూ పెద్దయ్యాక, ఒకే దారిలో వచ్చినవి.

పెద్దయ్యాక సోకినా శరీరమే తరిమేస్తుందని ఇప్పుడే అన్నాను కదా, హెచ్‌ఐవీ ఉన్నవారికి ఆ భరోసా తగ్గుతుంది. బి వైరస్‌ను తరిమే పని ప్రధానంగా చేసేది రోగనిరోధక వ్యవస్థలోని టి కణాలు. హెచ్‌ఐవీ దెబ్బతీసేది సరిగ్గా వాటినే. అందుకే ఇతరుల్లో 5 శాతం లోపున ఉండే దీర్ఘకాలిక ఇన్ఫెక్షన్, చికిత్స తీసుకోని హెచ్‌ఐవీ రోగుల్లో 20 శాతం దాకా పెరగడాన్ని పరిశోధకులు గమనించారు.

ఇక హెపటైటిస్ సి. దీన్ని తలచుకుంటే సగటు అన్న మాట మీదే నాకు విరక్తి కలుగుతుంది. హెచ్‌ఐవీ ఉన్నవారిలో 6 శాతం అన్నామా? 2016లో వెలువడిన ఒక సమగ్ర విశ్లేషణ ఆ 6 శాతాన్ని విడదీసి చూపింది. హెచ్‌ఐవీ ఉన్న గర్భిణుల్లోనూ, స్త్రీ పురుష సంపర్కం వల్ల హెచ్‌ఐవీ సోకినవారిలోనూ సి సోకిన ఆనవాలు 4 శాతం. పురుషులతో సంపర్కం ఉన్న పురుషుల్లో 6.4 శాతం. మాదకద్రవ్యాలను సూదితో ఎక్కించుకునే, హెచ్‌ఐవీ ఉన్నవారిలో 82.4 శాతం. మరోసారి చెబుతున్నాను, ఎనభై రెండు. ఒకే జబ్బు, ఒకే పరీక్ష, అయినా ఒక గుంపులో వందకు నలుగురు, మరో గుంపులో వందకు ఎనభై ఇద్దరు. ఆరు అన్న సగటు ఈ రెండు గుంపుల్లో దేని గురించీ నిజం చెప్పదు. ప్రపంచంలోని హెచ్‌ఐవీ, సి జంట ఇన్ఫెక్షన్లలో సగానికి పైగా, దాదాపు 13.6 లక్షలు, సూదితో మాదకద్రవ్యాలు ఎక్కించుకునేవారివే. ప్రాంతాల వారీగా చూస్తే తూర్పు యూరప్, మధ్య ఆసియాల్లోనే 6 లక్షల పైచిలుకు ఉన్నాయి, అది మొత్తంలో 27 శాతం. ఆ ప్రాంతంలో హెచ్‌ఐవీ మహమ్మారి చాలావరకు సిరంజి వెంట నడిచిందన్న చరిత్ర తెలిసినవారికి ఇందులో ఆశ్చర్యం ఉండదు.

సూది వాడేవారిలో సాధారణంగా సి ముందు వస్తుంది, హెచ్‌ఐవీ తర్వాత వస్తుంది. 2017లో ప్రచురితమైన ప్రపంచ అంచనా ప్రకారం సూదితో మాదకద్రవ్యాలు ఎక్కించుకునే 1.56 కోట్ల మందిలో 17.8 శాతానికి హెచ్‌ఐవీ ఉంటే, 52.3 శాతానికి సి యాంటీబాడీలు, అంటే ఆ వైరస్ సోకిన ఆనవాళ్లు, ఉన్నాయి. అంటే సి ఎక్కువగా ఉన్న గుంపులో రేపు హెచ్‌ఐవీ రాబోతోందని ముందుగానే ఊహించవచ్చు. ప్రజారోగ్య విభాగాలు ఈ హెచ్చరికను ఎంత తరచుగా చూసీ చూడనట్టు వదిలేస్తాయో గుర్తొస్తే బాధగా ఉంటుంది.

పురుషులతో సంపర్కం ఉన్న పురుషుల గురించి ఒక చేర్పు. 2000 తర్వాత యూరప్, అమెరికా, ఆస్ట్రేలియా నగరాల్లో, సూది అలవాటే లేని, హెచ్‌ఐవీ ఉన్న పురుషుల్లో కొత్తగా సి వైరస్ కనిపించడం మొదలైంది. లైంగికంగా సి సోకదన్న పాత నమ్మకం వీళ్ల విషయంలో నిలవలేదు. రక్తం కారే అవకాశమున్న సంపర్కం, ఇతర సుఖవ్యాధుల వల్ల పుళ్లు, కొన్నిచోట్ల మాదకద్రవ్యాల వాడకం కలిసి ఆ దారి తెరిచాయి. చికిత్స వస్తే ఏమవుతుందో కూడా అక్కడే తెలిసింది. నెదర్లాండ్స్‌లో 2015లో సిని నయం చేసే కొత్త మందులను ఆంక్షలు లేకుండా అందరికీ అందుబాటులోకి తెచ్చాక, హెచ్‌ఐవీ ఉన్న ఈ పురుషుల్లో కొత్త సి కేసులు సుమారు సగానికి పడిపోయాయి. ఉన్నవారికి నయమైతే, లేనివారికి అంటించేవారు తగ్గుతారు.

అంకెల లోపల ఇంకో మెలిక ఉంది, అది పరీక్షలోనే ఉంది. నేను చెప్పిన 23 లక్షలు, 82 శాతం అన్నీ యాంటీబాడీ లెక్కలు. యాంటీబాడీ అంటే వైరస్ ఎప్పుడో ఒకప్పుడు లోపలికి వచ్చిందన్న సాక్ష్యం. ఇప్పుడు ఉందో లేదో అది చెప్పదు. సి సోకినవారిలో సుమారు 30 శాతం మందికి ఆరు నెలల్లో తనంతట తానే పోతుంది. హెచ్‌ఐవీ ఉన్నవారిలో ఈ అదృష్టవంతులు మరింత తక్కువ. చికిత్సతో నయమైనవారిలోనూ యాంటీబాడీ ఏళ్ల తరబడి మిగిలే ఉంటుంది. కాబట్టి యాంటీబాడీ ఉన్నవారందరినీ రోగులుగా లెక్కవేస్తే సంఖ్య ఉబ్బుతుంది, నయమైన మనిషిని కూడా రోగి అని భయపెట్టినట్టవుతుంది. దీనికి విరుద్ధమైన పొరపాటు కూడా ఉంది: సీడీ4 కణాలు, అంటే హెచ్‌ఐవీ దెబ్బతీసే టి కణాలు, బాగా పడిపోయిన వ్యక్తి శరీరం యాంటీబాడీలను తయారు చేయలేకపోవచ్చు, అప్పుడు వైరస్ ఉన్నా పరీక్ష లేదంటుంది. అలాంటివారిలో, ముఖ్యంగా కాలేయ ఎంజైములు కారణం లేకుండా పెరిగినప్పుడు, వైరస్ జన్యు పదార్థాన్ని నేరుగా వెతికే ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేయాల్సిందే.

బి లోనూ ఇదే తంతు. సాధారణంగా మనం చూసేది వైరస్ పైపొరలోని ప్రొటీన్, ఉపరితల యాంటిజెన్, అంటే హెచ్‌బీఎస్‌ఏజీ. అది ఉంటే వైరస్ ఉన్నట్టే. అది లేకపోయినా కోర్ యాంటీబాడీ ఉంటే, ఒకప్పుడు సోకిందని అర్థం. అలాంటివారిలో కొందరి కాలేయ కణాల్లో వైరస్ నివురుగప్పిన నిప్పులా ఉండిపోతుంది. హెచ్‌ఐవీ ఉన్నవారిలో ఈ మరుగున ఉన్న బి ఎక్కువగా కనిపిస్తుంది. అందువల్ల ఏడు శాతం అన్నది పైకి కనిపించే బి మాత్రమే.

ఇంతసేపూ ఎంతమంది అన్న దాని గురించే మాట్లాడాను. ఉంటే ఏమవుతుందన్నది తెలియకుండా ఎంతమంది అన్న ప్రశ్నకు బరువు రాదు. 2002లో అమెరికాలో ఐదు వేల మందికి పైగా పురుషులను ఏళ్ల తరబడి అనుసరించిన ఒక అధ్యయనం ఫలితాలు వచ్చాయి. కాలేయ జబ్బుతో మరణించినవారు, ఏడాదికి వెయ్యి మందికి ఇంత అని లెక్కిస్తే, బి మాత్రమే ఉన్నవారిలో 0.8, హెచ్‌ఐవీ మాత్రమే ఉన్నవారిలో 1.7, రెండూ ఉన్నవారిలో 14.2. రెండింటినీ కూడితే రెండున్నర రావాలి, వచ్చింది పద్నాలుగు. గోరుచుట్టు మీద రోకటి పోటు అన్న సామెత ఇక్కడ చాలదు, ఎందుకంటే ఈ రోకలి ప్రతి దెబ్బకూ బరువెక్కుతోంది. సి విషయంలోనూ హెచ్‌ఐవీ తోడైతే సిర్రోసిస్‌కు చేరే ప్రమాదం సుమారు రెట్టింపు. శక్తిమంతమైన హెచ్‌ఐవీ మందులు వచ్చి ఎయిడ్స్ మరణాలు తగ్గాక, మిగిలిన మరణాల్లో కాలేయం ముందుకొచ్చింది. 2006లో ప్రచురితమైన డీఏడీ అధ్యయనం 23 వేల మందికి పైగా రోగులను పరిశీలించి, మరణాల్లో 14.5 శాతం కాలేయ జబ్బుల వల్లేనని, ఎయిడ్స్ తర్వాత అదే రెండో కారణమని తేల్చింది. కాలేయంతో మరణించినవారిలో మూడింట రెండు వంతుల మందికి సి ఉంది.

మందుల దగ్గరికి వస్తున్నాను, ఇక్కడ ఒక మంచి యాదృచ్ఛికం ఉంది. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి వేర్వేరు కుటుంబాల వైరస్‌లే అయినా రెండూ తమ జీవచక్రంలో రివర్స్ ట్రాన్స్‌క్రిప్షన్ అనే ఒకే రకం అడుగు వేస్తాయి. అందుకే హెచ్‌ఐవీ కోసం తయారైన లామివుడిన్, టెనోఫోవిర్, ఎమ్‌ట్రిసిటబిన్ బి వైరస్‌ను కూడా అణచివేస్తాయి. అయితే బి మీద లామివుడిన్ ఒక్కటే పనిచేస్తున్న పరిస్థితిలో, జంట ఇన్ఫెక్షన్ ఉన్నవారిలో రెండేళ్లకు దాదాపు సగం మందిలో, నాలుగేళ్లకు 90 శాతం మందిలో బి వైరస్ ఆ మందుకు లొంగకుండా పోయింది. టెనోఫోవిర్‌కు ఆ ఇబ్బంది దాదాపు లేదు. నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు మొదటి వరుస చికిత్సగా సూచిస్తున్న టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రవిర్ కలిసిన ఒక్క మాత్ర, రోగికి తెలియకుండానే, ఒక్కోసారి వైద్యుడికీ తెలియకుండానే, బికి కూడా వైద్యం చేస్తోంది.

తెలియకుండా జరిగే వైద్యంతో ఒక ప్రమాదం ఉంది. తెలియనిదాన్ని తెలియకుండానే ఆపేయవచ్చు. నా దగ్గరికి ఒకసారి కళ్లు పచ్చబడి, నీరసంతో నిలబడలేని స్థితిలో ఒకాయన వచ్చారు. ఏళ్లుగా మందులు క్రమం తప్పకుండా వాడుతున్న మనిషి. కొన్ని నెలల కిందట మూత్రపిండాల పరీక్షలో తేడా కనిపించి, వేరేచోట ఆయన మాత్రలు మార్చారు. కొత్తవాటిలో టెనోఫోవిర్ లేదు. ఆయనకు బి ఉందో లేదో అంతకుముందు ఎవరూ చూడలేదు. మందు అణచిపెట్టిన వైరస్, మందు తీసేయగానే లేచింది. ఆయన కోలుకున్నారు, అందరికీ ఆ అదృష్టం ఉండదు. రెండు నెలలకోసారి తీసుకునే కాబోటెగ్రవిర్, రిల్‌పివిరిన్ ఇంజెక్షన్లు ఇప్పుడు ప్రచారంలోకి వస్తున్నాయి. రోజూ మాత్ర మింగే బాధ తప్పుతుందని చాలామంది వాటివైపు చూస్తున్నారు, అది న్యాయమైన కోరికే. కానీ ఆ రెండింటిలో దేనికీ బి మీద ప్రభావం లేదు. మారేముందు హెచ్‌బీఎస్‌ఏజీ, కోర్ యాంటీబాడీ పరీక్షలు చూడకుండా మార్చకూడదు.

సి విషయంలో మనం నిజంగా అదృష్టవంతులం. 1989లో గుర్తించిన వైరస్‌ను పాతికేళ్లలో మాత్రలతో నయం చేయగలిగాం. ఎనిమిది నుంచి పన్నెండు వారాల చికిత్సతో 95 శాతం మందికి పైగా పూర్తిగా నయమవుతోంది, హెచ్‌ఐవీ ఉన్నా ఫలితం అంతే. ఒకప్పుడు ఇంటర్‌ఫెరాన్ సూదులతో ఏడాది పాటు జ్వరంతోనూ దిగులుతోనూ పోరాడి, చివరికి సగం మందికి కూడా నయం కాని రోజులు చూసినవాణ్ని కాబట్టి ఈ మాట చెప్పేటప్పుడు నా గొంతులో కొంచెం ఉత్సాహం వినిపిస్తే క్షమించండి. జాగ్రత్తలు రెండున్నాయి. ఎఫావిరెంజ్ వంటి కొన్ని పాత హెచ్‌ఐవీ మందులు ఈ మాత్రల మోతాదును రక్తంలో తగ్గించేస్తాయి, కనుక ముందే చూసుకోవాలి. ఇక సి పోగానే, అంతవరకు దాని చాటున అణగి ఉన్న బి విజృంభించవచ్చని గమనించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లో అత్యున్నత స్థాయి హెచ్చరిక జారీ చేసింది.

టీకా సంగతి క్లుప్తంగా చెబుతాను. బికి టీకా ఉంది, సికి లేదు. హెచ్‌ఐవీ ఉన్నవారిలో మామూలు మోతాదు టీకా అందరిలోనూ రక్షణ ఇవ్వదు. సీడీ4 తక్కువగా, వైరల్ లోడ్ (రక్తంలో హెచ్‌ఐవీ పరిమాణం) ఎక్కువగా ఉన్నప్పుడు ఇంకా తగ్గుతుంది. అందుకే రెట్టింపు మోతాదు ఇస్తారు, డోసులన్నీ పూర్తయ్యాక ఒకటి రెండు నెలలకు బి ఉపరితల యాంటీబాడీ (రక్షణ ఉందని చెప్పేది) స్థాయి మిల్లీలీటరుకు 10 మిల్లీ ఇంటర్నేషనల్ యూనిట్లు దాటిందో లేదో చూస్తారు. సీడీ4 పెరిగేదాకా టీకాను వాయిదా వేయనక్కరలేదు.

ప్రసంగానికి ముందు ఒకరు చీటీ మీద రాసి పంపిన ప్రశ్న నా చేతిలో ఉంది: "మూడేళ్ల కిందట నాకు హెపటైటిస్ లేదన్నారు, మళ్లీ పరీక్ష అవసరమా?" పేరు రాయలేదు, రాయనవసరమూ లేదు. మీ పాత రిపోర్టు తీసి అందులో ఏయే పరీక్షలు ఉన్నాయో చూడండి. హెచ్‌బీఎస్‌ఏజీ ఒక్కటే ఉంటే, సి పరీక్ష జరగలేదని, మీకు బి టీకా అవసరమో కాదో కూడా ఎవరూ చూడలేదని అర్థం. కోర్ యాంటీబాడీ, ఉపరితల యాంటీబాడీ, సి యాంటీబాడీ మూడూ చేయించండి. ఉపరితల యాంటీబాడీ లేకపోతే, కోర్ కూడా లేకపోతే, టీకా మొదలుపెట్టించుకోండి. సూదులు పంచుకునే సందర్భమో, నేను ఇందాక చెప్పిన రకం లైంగిక ప్రమాదమో ఉంటే సి పరీక్ష కనీసం ఏడాదికోసారి కావాలి. ఒకసారి సి నయమైనవారైతే యాంటీబాడీ ఎప్పుడూ ఉందనే వస్తుంది, కాబట్టి ఆర్‌ఎన్‌ఏ పరీక్షే అడగండి. నయమైన సి మళ్లీ సోకకుండా శరీరం కాపాడదు. మీ మందుల చీటీలో టెనోఫోవిర్ ఉందో లేదో కూడా ఒకసారి చూసుకోండి, ఎవరైనా దాన్ని మార్చబోతే ఆ రిపోర్టు ముందు వారి చేతిలో పెట్టండి.